మేడ మీద యాంటెన్నాతో ఓడల ఏఐఎస్ సంకేతాలు అందుకోవడం ఎలా

తీరానికి దగ్గర్లో మేడ ఉంటే చాలు, సముద్రంలో వెళ్లే ఓడలు తమ పేరు, ఉన్న చోటు, వేగం, దిశ గురించి రేడియోలో చెప్పుకునే వివరాలను (ఇవే ఏఐఎస్ సంకేతాలు) మీరే నేరుగా అందుకోవచ్చు. ఇంటర్నెట్ అక్కర్లేదు, నెలవారీ చందా అక్కర్లేదు. ఒక చిన్న యూఎస్‌బీ రిసీవర్, చేత్తో చేసుకోగల యాంటెన్నా, మంచి కేబుల్, పాత ల్యాప్‌టాప్ లేదా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ సరిపోతాయి. ఇక్కడ విశాఖపట్నాన్ని ఉదాహరణగా తీసుకున్నాం. కాకినాడ, కృష్ణపట్నం, చెన్నై వాళ్లకూ కొలతలు ఇవే, ఎందుకంటే ఓడలు ఏ సముద్రంలో ఉన్నా ఏఐఎస్‌కి వాడేవి అవే రెండు చానళ్లు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చాలామంది డబ్బంతా రిసీవర్ మీద పెట్టి, యాంటెన్నాని కిటికీ దగ్గర వదిలేస్తారు. నాలుగు ఓడలు కనిపించేసరికి రిసీవర్ మంచిది కాదనుకుంటారు. ఖర్చూ శ్రమా పెట్టాల్సింది యాంటెన్నాని అడ్డంకులు దాటించడం మీద, ఆ తర్వాత కేబుల్ మీద. రిసీవర్ వంతు మూడోది.

ఇది వినడానికి మాత్రమే పనికొచ్చే ఏర్పాటు. ట్రాన్స్‌మిట్ చేసే ఏఐఎస్ పెట్టెను సరదాకి కూడా ఇంట్లో ఆన్ చేయకండి. అది పంపే అబద్ధపు చుక్క నిజంగా ఓడ నడుపుతున్నవాళ్ల తెర మీద కనిపిస్తుంది, ప్రాణాల మీదికి వస్తుంది. మన దేశంలో వైర్‌లెస్ పరికరాల అనుమతులు చూసేది టెలికం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం. రిసీవర్ గురించి కూడా అనుమానం ఉంటే అక్కడ అడిగాకే మొదలుపెట్టండి. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం కాబట్టి, మేడ మీద స్తంభం నిలబెట్టే ముందు అదేమిటో అపార్ట్‌మెంట్ సంఘానికి చెప్పి ఉంచడం మేలు.

ఓడ ఏం పంపుతుంది, ఎంతసేపటికోసారి పంపుతుంది

ఏఐఎస్ అంటే ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్. 161.975, 162.025 మెగాహెర్ట్జ్ అనే రెండు వీహెచ్ఎఫ్ (వెరీ హై ఫ్రీక్వెన్సీ) రేడియో చానళ్ల మీద సెకనుకు 9,600 బిట్ల వేగంతో నడుస్తుంది. ఒక్కో చానల్లో ప్రతి నిమిషాన్నీ 2,250 స్లాట్లుగా కోస్తారు. ఒక్కో స్లాటు 26.67 మిల్లీసెకన్లు. ఎవరి స్లాటు ఎప్పుడో కేటాయించే అధికారి ఎవరూ ఉండరు. ప్రతి ఓడా ముందు కాసేపు వింటుంది, ఖాళీ స్లాట్లు గుర్తిస్తుంది, తన సందేశంలోనే "తర్వాత నేను ఫలానా స్లాటులో మాట్లాడతాను" అని చెప్పి పెట్టుకుంటుంది. మిగతా ఓడలు ఆ స్లాటు జోలికి రావు. గడియారాలన్నీ జీపీఎస్‌తో ఒకే లయలో ఉంటాయి కాబట్టి ఇది సాధ్యమవుతోంది.

సముద్రంలో ప్రాణరక్షణ కోసం ఉన్న సోలాస్ అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం విదేశీ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నులు (ఓడ లోపలి పరిమాణాన్ని చెప్పే కొలత), అంతకు మించిన ఓడలకు, దేశంలోపలే తిరిగినా 500 టన్నులు దాటిన సరుకు ఓడలకు, ఏ సైజు ప్రయాణికుల ఓడకైనా ఏఐఎస్ తప్పనిసరి. 2002 జులైలో మొదలైన ఈ నిబంధన విదేశీ ప్రయాణాల ఓడలకు 2004 ఆఖరుకల్లా పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఈ ఓడల్లో ఉండేది క్లాస్ ఏ, 12.5 వాట్లు. చిన్న పడవలు పెట్టుకునే క్లాస్ బీ సాధారణంగా 2 వాట్లు, కొత్త రకమైతే 5 వాట్లు.

పంపే వ్యవధి తెలిస్తేనే మీ రిసీవర్ సరిగా వింటోందో లేదో తేల్చుకోగలరు. లంగరేసి ఉన్న క్లాస్ ఏ ఓడ మూడు నిమిషాలకోసారి పంపుతుంది. 14 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) లోపు వేగంతో తిన్నగా వెళ్తుంటే 10 సెకన్లకోసారి, మలుపు తిరుగుతుంటే మూడున్నర సెకన్ల లోపే. 14 నుంచి 23 నాట్ల మధ్య 6 సెకన్లు, మలుపులో 2 సెకన్లు. అంతకన్నా వేగమైతే ఎప్పుడూ 2 సెకన్లే. మామూలు క్లాస్ బీ పడవ కదులుతుంటే 30 సెకన్లు, ఆగితే 3 నిమిషాలు. ఓడ పేరు, కాల్‌సైన్ (రేడియోలో ఓడను పిలిచే గుర్తు), గమ్యం మాత్రం వేరే సందేశంలో ఆరు నిమిషాలకోసారి వస్తాయి. అందుకే తెర మీద మొదట ఓడ గుర్తింపుకు వాడే తొమ్మిదంకెల నంబరే కనిపించి, పేరు కాస్త ఆలస్యంగా వస్తుంది. అది లోపం కాదు.

ఎంత దూరం వినిపిస్తుంది

మీ యాంటెన్నా ఎత్తును, ఓడ యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, రెండింటి వర్గమూలాలు కలిపి 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. సముద్రమట్టానికి 16 మీటర్ల ఎత్తులో యాంటెన్నా, 36 మీటర్ల ఎత్తులో ఓడ యాంటెన్నా ఉంటే: 4 ప్లస్ 6, పది, దూరం దాదాపు 41 కిలోమీటర్లు. అదే 4 మీటర్ల ఎత్తున్న మరపడవ యాంటెన్నా అయితే 25 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

మీ స్తంభాన్ని 16 నుంచి 25 మీటర్లకు పెంచితే లెక్క ప్రకారం పెరిగేది నాలుగు కిలోమీటర్లే. ఎత్తు విలువ అక్కడ లేదు. పక్కింటి నీళ్ల ట్యాంకు, కొబ్బరిచెట్ల తలలు, ఎదురు అపార్ట్‌మెంట్ లిఫ్టు గది, వీటిని దాటడంలో ఉంది. సముద్రం వైపు చూపు తిన్నగా ఆనేలా ఉంటే పిట్టగోడకు కట్టిన మూడు మీటర్ల పైపు చాలు. అడ్డం ఉంటే ఎంత ఖరీదైన రిసీవరైనా లాభం లేదు. కొండలను దాటించడం ఎలాగూ కుదరదు: ఆర్కే బీచ్ వైపు ఇళ్లకు డాల్ఫిన్ నోస్, యారాడ కొండ దక్షిణాన అడ్డుగోడలా ఉంటాయి. గంగవరం బెర్తుల్లోని ఓడలు అక్కడి నుంచి సరిగా వినపడకపోతే యాంటెన్నాని తప్పుపట్టకండి.

దీనికి తిరగబడ్డ రోజులూ ఉంటాయి. గాలి కదలక, నీటి మీద చల్లటి తేమగాలి, దానిపైన వేడిగాలి పొరలుగా నిలిచినప్పుడు వీహెచ్ఎఫ్ తరంగాలు ఆ పొరల మధ్య ఇరుక్కుని సముద్రం మీదుగా వందల కిలోమీటర్లు వస్తాయి. ఎక్కడో ఒడిశా తీరం దగ్గర ఉన్న ఓడ హఠాత్తుగా మీ తెర మీద తేలుతుంది, మర్నాటికి మాయమవుతుంది. అలాంటి రోజు వచ్చిన రికార్డును బట్టి మీ ఏర్పాటును అంచనా వేయకండి. మామూలు రోజుల సగటే లెక్క.

యాంటెన్నా తయారీ

162 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 185 సెంటీమీటర్లు. అందులో పావు వంతు 46.3, లోహపు కడ్డీలో ఐదు శాతం తగ్గించుకుంటే 44 సెంటీమీటర్లు. ఇదే నిలువు కడ్డీ పొడవు.

కావలసినవి: చాసిస్‌కి బిగించే రకం ఎస్‌ఓ-239 కనెక్టర్ ఒకటి (నాలుగు మూలలా రంధ్రాలున్నది), మూడు మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ రెండున్నర మీటర్లు (వెల్డింగ్ సామాన్ల దుకాణంలో బ్రేజింగ్ రాడ్డు అని అడగండి), మూడు మిల్లీమీటర్ల స్టీలు బోల్టులు నట్లతో నాలుగు, అంగుళం పీవీసీ పైపు, 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్. చిన్న ఐరన్‌తో ప్రయత్నిస్తే కనెక్టర్ వేడంతా లాగేసుకుని సోల్డర్ పైపైన గడ్డకడుతుంది. కొన్ని వారాలకు ఆ అతుకు ఊడొస్తుంది.

ఒక ముక్కను 45 సెంటీమీటర్లు కోసి కనెక్టర్ మధ్య గొట్టంలో నిలబెట్టి సోల్డర్ చేయండి. తర్వాత కనెక్టర్ పైభాగం నుంచి కొలిచి 44 దగ్గర కొస కత్తిరించండి. నాలుగు ముక్కలు ఒక్కోటి 47 సెంటీమీటర్లు కోసి, ఒక కొసను బోల్టు చుట్టూ వంచి మూలల రంధ్రాల్లో బిగించండి. వాటిని కిందికి 45 డిగ్రీల వాలులో వంచాలి. అడ్డంగా చాపి వదిలేస్తే యాంటెన్నా నిరోధం 50 ఓమ్‌లకు బాగా తక్కువ ఉంటుంది. వాల్చినప్పుడు 50కి దగ్గరవుతుంది. కడ్డీ కొసలను గుండ్రంగా వంచితే మేడ మీద బట్టలు ఆరేసుకునేవాళ్ల కళ్లకు ప్రమాదం తప్పుతుంది.

యాంటెన్నా నిలువుగానే ఉండాలి. ఓడల యాంటెన్నాలన్నీ నిలువువే. మీది పడుకోబెడితే సిగ్నల్ చాలావరకు పోతుంది. ఇనుప స్తంభానికి కడుతుంటే యాంటెన్నా స్తంభం కొసకు పైన ఉండాలి, పక్కన కాదు. పక్కన ఉంటే స్తంభం ఒక దిక్కు సిగ్నల్‌ను మింగేస్తుంది.

కేబుల్, ఉప్పుగాలి, పిడుగులు

రేడియో దుకాణాల్లో మొదట చేతికిచ్చేది సన్నటి ఆర్‌జీ-58. ఈ తరంగాల దగ్గర అది వంద మీటర్లకు దాదాపు 20 డెసిబెల్స్ తినేస్తుంది. అంటే 15 మీటర్లకే 3 డెసిబెల్స్, సగం సిగ్నల్ దారిలోనే పోయినట్టు. మంచి రాగి అల్లికున్న ఆర్‌జీ-6, అదే డిష్ టీవీకి వాడేది, అదే 15 మీటర్లకు ఒక డెసిబెల్ పైచిలుకు మాత్రమే పోగొడుతుంది. అది 75 ఓమ్‌ల కేబుల్ కదా అని సందేహించేవాళ్లున్నారు. వినడం వరకూ ఆ తేడాతో పోయేది డెసిబెల్‌లో ఐదో వంతు కూడా ఉండదు. తక్కువ ఖర్చులో అయిపోవాలంటే మా సలహా ఆర్‌జీ-6; ఎఫ్ కనెక్టర్ నుంచి రిసీవర్ వైపు ఎస్‌ఎంఏకి, యాంటెన్నా వైపు పీఎల్-259కి మార్చే అడాప్టర్లు దొరుకుతాయి. ముప్పై మీటర్లు దాటితే ఎల్‌ఎంఆర్-400 అనే దళసరి కేబుల్ తీసుకోండి, లేదా రిసీవర్‌నే నీళ్లు చేరని పెట్టెలో మేడ మీదికి ఎక్కించి కిందికి నెట్‌వర్క్ కేబుల్ దింపండి.

తీరంలో యాంటెన్నాలను చంపేది ఉప్పు. కనెక్టర్ మీద మామూలు ఇన్సులేషన్ టేపు చుడితే ఎండకు జిగురు కరిగి, లోపల తేమ నిలుస్తుంది. తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును సాగదీస్తూ కింది నుంచి పైకి చుట్టి, దానిపైన ఎండకు ఆగే నల్ల టేపు వేయండి. కింది నుంచి చుడితే పెంకుటింటి పెంకుల్లా ఒక్కో చుట్టూ కింది చుట్టును కప్పుతుంది, నీళ్లు లోపలికి పోవు. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట ఒక వంపు కిందికి వదలండి, వాననీరు అక్కడే కారిపోతుంది. ఏడాదికోసారి కొస కొంచెం చీల్చి చూడండి: రాగి అల్లిక నల్లబడి ఉంటే నీళ్లు పట్టినట్టే. ఆరబెట్టినా బాగుపడదు, ఆ మేరకు కోసేయాలి, లేదా కేబుల్ మార్చాలి.

స్తంభానికి కనీసం మూడు వైపుల నుంచి తాళ్లు కట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు మేడల మీద ఏది గట్టిగా కట్టి లేదో అది లేచిపోయింది. తుపాను హెచ్చరిక వస్తే స్తంభం దించేయడమే మంచిది. దాన్ని దళసరి రాగి తీగతో ఎర్త్ గుంతకు కలపండి. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములు వినపడగానే కేబుల్ పీకి గోడ బయటికి వదిలేయండి. పిడుగు విద్యుత్తును ఎర్త్‌కి మళ్లించే గ్యాస్ డిశ్చార్జ్ అరెస్టర్ ఉన్నా సరే.

రిసీవర్, సాఫ్ట్‌వేర్

ఆర్‌టీఎల్2832యూ చిప్పు, ఆర్820టీ2 ట్యూనర్ ఉన్న యూఎస్‌బీ డాంగిల్ తీసుకోండి. ఒకే ఒక్క షరతు: అందులో టీసీఎక్స్ఓ, అంటే వేడికి పెద్దగా జారని క్రిస్టల్ ఉండాలి. చౌకరకం క్రిస్టల్ పదిలక్షలకు 50 వంతులు తప్పితే 162 మెగాహెర్ట్జ్ దగ్గర తేడా 8 కిలోహెర్ట్జ్ అవుతుంది. చానల్ వెడల్పే 25 కిలోహెర్ట్జ్. అంత పక్కకు జరిగితే సందేశాలు విరిగిపోతాయి. పైగా మధ్యాహ్నం గది వేడెక్కే కొద్దీ జారుతూనే ఉంటుంది. ఒక వంతు తప్పే టీసీఎక్స్ఓ అయితే తేడా 162 హెర్ట్జ్ మాత్రమే.

సాఫ్ట్‌వేర్‌కి ఏఐఎస్-క్యాచర్ మంచి ఎంపిక. ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది, రెండు చానళ్లనూ ఒకేసారి వింటుంది, బ్రౌజర్‌లో మ్యాపు చూపిస్తుంది. చార్టు మీద చూడాలంటే అది వినే సందేశాలను యూడీపీ అనే నెట్‌వర్క్ పద్ధతిలో 10110 పోర్టుకు పంపి, ఓపెన్‌సీపీఎన్ అనే చార్టు ప్రోగ్రాంలో అదే పోర్టును కనెక్షన్‌గా చేర్చండి. విండోస్‌లో డాంగిల్ దొరకట్లేదంటే జాడిగ్ అనే చిన్న ప్రోగ్రాంతో విన్‌యూఎస్‌బీ డ్రైవర్ ఎక్కించాలి. లైనక్స్‌లో అయితే డాంగిల్‌ను టీవీ ట్యూనర్ అనుకుని వేరే డ్రైవర్ ముందే పట్టేసుకుంటుంది. ఆ డ్రైవర్‌ను బ్లాక్‌లిస్టులో పెట్టి మళ్లీ స్టార్ట్ చేయండి. రాస్ప్‌బెర్రీ పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్ల సరైన చార్జర్ వాడండి. ఫోన్ చార్జర్‌తో నడిపితే కాసేపు బాగానే పనిచేసి, తర్వాత డాంగిల్ మాటిమాటికీ తెగిపోతుంటుంది.

మొదట వెతకాల్సింది ఓడను కాదు, ఒడ్డు స్టేషన్‌ను. ఓడరేవుల, లైట్‌హౌసుల ఏఐఎస్ బేస్ స్టేషన్లు కదలవు, మామూలుగా పది సెకన్లకోసారి పంపుతాయి. మన దేశపు బేస్ స్టేషన్ నంబరు 00419తో మొదలవుతుంది. అది క్రమం తప్పకుండా వస్తోందంటే యాంటెన్నా నుంచి సాఫ్ట్‌వేర్ దాకా గొలుసంతా బాగున్నట్టు.

వస్తున్న ముడి వాక్యాలను కూడా ఒకసారి చూడండి. ఆశ్చర్యార్థకం, ఏఐవీడీఎం అనే ఐదక్షరాలతో మొదలై కామాలతో విడిపోయి ఉంటాయి. ఐదో గడిలో చానల్ అక్షరం ఏ లేదా బీ. ఆరో గడిలో అసలు సరుకు, ఒక్కో అక్షరానికి ఆరు బిట్లు. ఆ సరుకు మొదటి అక్షరమే సందేశం రకం చెబుతుంది: 1, 2, 3 అయితే క్లాస్ ఏ ఓడ స్థానం, 4 బేస్ స్టేషన్, 5 పేరూ గమ్యం, ఇంగ్లిష్ బీ అక్షరమైతే క్లాస్ బీ స్థానం, హెచ్ అయితే క్లాస్ బీ పేరు. రోజు మొత్తం మీద రెండు చానళ్లలో సందేశాలు దాదాపు సగం సగం రావాలి. ఒక చానల్ బాగా తక్కువైతే దాని మీద ఇంట్లోని ఏదో పరికరం రొద పడుతోందని అర్థం.

ఆ రొద ఎల్ఈడీ బల్బుల డ్రైవర్ల నుంచి, ల్యాప్‌టాప్ చార్జర్ నుంచి, సీసీ కెమెరా పవర్ సప్లై నుంచి వస్తుంది. ఒక్కొక్కటే ఆపి, సందేశాల సంఖ్య పెరుగుతుందేమో చూడండి. డాంగిల్‌ను కంప్యూటర్‌కి నేరుగా గుచ్చకుండా మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెడితేనే చాలాసార్లు సమస్య తీరుతుంది. ఎఫ్ఎం టవర్ దగ్గర ఉంటే దాని బలానికి డాంగిల్ ఉక్కిరిబిక్కిరవుతుంది; ఎఫ్ఎం అడ్డుకునే ఫిల్టర్ పెట్టండి. 162 మెగాహెర్ట్జ్ ఫిల్టర్ ఉన్న యాంప్లిఫయర్ వాడదలిస్తే యాంటెన్నా దగ్గర పెట్టాలి, రిసీవర్ దగ్గర కాదు. కేబుల్‌లో పోయిన సిగ్నల్‌ను కింద పెంచితే రొద కూడా దానితో పాటే పెరుగుతుంది.

రిసీవర్ గెయిన్‌ను, అంటే సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్‌ను, ఆటోమేటిక్‌లో వదిలేయకుండా 30 నుంచి 40 డెసిబెల్స్ మధ్య నాలుగైదు విలువలు పెట్టి చూడండి. గంటకు వచ్చే సందేశాలను లెక్కపెట్టండి, ఓడలను కాదు. ఓడల సంఖ్య రేవు రద్దీని బట్టి మారుతుంది. ఒకసారికి ఒకే మార్పు, అదీ రోజూ ఒకే వేళలో.

వచ్చిన వివరాలు చదవడం

చోటు, వేగం, దిశ యంత్రాల నుంచి వాటంతట అవే వస్తాయి. గమ్యం, నీటిలో మునిగిన లోతు, "లంగరేసి ఉంది", "ప్రయాణంలో ఉంది" అనే స్థితి మాత్రం మనుషులు చేత్తో ఎక్కిస్తారు, మార్చడం మరిచిపోతారు. బెర్తులో కట్టి ఉన్న ఓడ ప్రయాణంలో ఉందని చెబుతుంటే స్థితిని కాదు, వేగాన్ని నమ్మండి. లంగరేసిన ఓడకు ప్రయాణ దిశ గిరగిరా తిరుగుతుంది. అది జీపీఎస్ చిన్న చిన్న తేడాల నుంచి లెక్కగట్టినది. ముక్కు ఎటుందో చెప్పేది గైరో దిక్సూచి నుంచి వచ్చే హెడింగ్. అది 511 అని వస్తే సమాచారం లేదని అర్థం.

మ్యాపు మీది చుక్క ఓడ మధ్యభాగం కాదు, దాని జీపీఎస్ యాంటెన్నా ఉన్న చోటు. బొగ్గు, ఖనిజం లాంటి సరుకును రాశిగా మోసే పెద్ద బల్క్ క్యారియర్లలో అది వెనక ఉండే బ్రిడ్జి దగ్గర ఉంటుంది. ముక్కు రెండు వందల మీటర్లకు పైగా ముందుండొచ్చు. ముందుకెంత, వెనక్కెంత, ఎడమకెంత, కుడికెంత అనే నాలుగు కొలతలు పేరు సందేశంలోనే వస్తాయి. అవి రాకముందు చుక్కను బట్టి ఓడ ఎంత దూరంలో ఉందో తేల్చకూడదు.

ఓడ నేల మీద కనిపిస్తే ముందు మీ పరికరాన్ని అనుమానించకండి. సందేశం చివర తప్పులు పట్టే కోడ్ ఉంటుంది. దారిలో చెడిపోయినది దాదాపుగా తెర దాకా రాదు. ఓడ జీపీఎస్సే తప్పు చెబుతుండొచ్చు. 2017 జూన్‌లో నల్లసముద్రంలో నొవొరోసిస్క్ దగ్గర ఉన్న ఓడలు గెలెంజిక్ విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. ఎవరో నకిలీ జీపీఎస్ సంకేతాలు పంపారన్నది నిపుణుల అంచనా.

కనిపించనివీ ఉంటాయి. యుద్ధనౌకలకు ఈ నిబంధన వర్తించదు. మన తీరంలో చిన్న చేపల పడవల్లో చాలావాటికి ఏఐఎస్ లేదు. కొన్నింటికి బిగిస్తున్న ఇస్రో ట్రాన్స్‌పాండర్లు ఉపగ్రహం ద్వారా మాట్లాడతాయి, మీ యాంటెన్నాకు అందవు. కాబట్టి తెర ఖాళీగా ఉందని సముద్రం ఖాళీగా ఉందనుకుని ఎవరినీ బోటు వేసుకుని వెళ్లమనకండి.

తొమ్మిదంకెల నంబరులో మొదటి మూడూ ఓడ జెండా ఏ దేశానిదో చెబుతాయి: 419 భారత్, 417 శ్రీలంక, 405 బంగ్లాదేశ్, 538 మార్షల్ దీవులు, 636 లైబీరియా. 970తో మొదలైతే అది ఆపదలో ఉన్నవాళ్లు తామున్న చోటు రక్షకులకు తెలియడానికి వాడే ఏఐఎస్ సార్ట్ పరికరం, 972 అయితే నీళ్లలో పడ్డ మనిషి ఒంటి మీది పరికరం. పరీక్ష అని సందేశం పక్కన లేకపోతే చూస్తూ ఊరుకోకండి, కోస్ట్ గార్డ్ 1554కి ఫోన్ చేయండి.

జెండా మారితే ఆ నంబరు మారిపోతుంది. ఓడ పుట్టినప్పటి నుంచి తునకలయ్యే దాకా మారనిది ఏడంకెల ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) నంబరు. అదీ చేత్తో ఎక్కించేదే కాబట్టి సరిచూసుకోండి: మొదటి ఆరంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే వచ్చే మొత్తంలో చివరి అంకె ఏడో అంకెతో కలవాలి. 9074729 తీసుకుంటే 63, 0, 35, 16, 21, 4, మొత్తం 139. చివరి అంకె 9, సరిపోయింది. కలవకపోతే ఆ నంబరును పక్కనబెట్టి, పేరు, కాల్‌సైన్ బట్టి వెతకండి.